కళాశాలా ప్రవేశము: సలహాకు ముందు సన్నాహము

(ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన పిమ్మట మా పట్టణపు పఠనమందిరమున విద్యార్థులకును వారి తలిదండ్రులకును మేము చేసిన ప్రసంగమిది. పలువురు కోరుటచే నిచ్చట ప్రకటించుచున్నాము.)



ఈ మందిరమున మమ్ము మాటలాడుమని కోరినపుడు కార్యదర్శిగారు విషయమును నిర్ణయింపలేదు. "పిల్లలకు పనికివచ్చున దేదైన చెప్పుడు" అనిరి. ఉత్సాహము గొలుపు మాటలు చెప్పుట మాకు కష్టము కాదు. ఈ వేదికమీదనే పలుమారులు చెప్పియున్నాము, చప్పట్లును పొందియున్నాము. నేడు మాత్ర మట్టి మాటలు చెప్పుటకు మాకు నోరు రాకున్నది. దానికి కారణమైన సంగతిని మొదట విన్నవించెదము.

ఈ వీధి చివర కుట్టుపని చేయు నొక గృహస్థు కలడు. ఆయన కుమార్తె పదవ తరగతి నాటినుండియు నీ మందిరమునకు వచ్చుచుండెడిది. లెక్కలలో గట్టి పిల్ల. సాయంకాలములందు చిన్నపిల్లలను చేరదీసి యీ యరుగుమీదనే లెక్కలు చెప్పుచుండుట మేమెల్లరము చూచియున్నాము. లెక్కల పంతులమ్మ కావలెనని యామె కోరిక. ఆ మాట నెవరి యెదుటను దాచినది కాదు. గణితము తోడనే ఇంటర్మీడియేటు ముగించినది. పిదప నొకనాడు స్నేహితురాండ్రిద్దఱితో కూడి ఇంటర్నెట్టు కేంద్రమునకు పోయినది. అచ్చట బల్లవద్ద కూర్చున్న కుఱ్ఱవాడు "ఇప్పుడందఱును బి.కాం. కంప్యూటర్సే పెట్టుచున్నా" రని చెప్పి, ముగ్గురకు నొకే వరుసను వెబ్ ఆప్షన్లు పెట్టి, కాగితము తీసి చేతికిచ్చినాడు. పావుగంట పని. అటుపిమ్మట మూడేండ్లు శ్రద్ధగా చదివినది, మంచి మార్కులు తెచ్చుకొన్నది. బి.ఇడి. ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టబోయిన నాడు తెలిసినది: గణితమును బోధనా విషయముగా గైకొనవలెనన్న డిగ్రీలో గణితము చదివియుండవలెను, వాణిజ్యశాస్త్రపు పట్టాతో ఆ తలుపు తెఱువబడదు. ఆ కాగితమును పట్టుకొని యీ మందిరమునకు వచ్చి "దీనికేమైన దారి యున్నదా, బాబాయిగారూ?" అని మమ్మడిగినది.

మేమేమి చెప్పగలము? ఇంటర్మీడియేటు చదువుకాలమున రెండేండ్లపాటు ఆ పిల్ల దినదినము మా కన్నులయెదుట కూర్చున్నది. ఒక్కనాడైన "డిగ్రీలో నేమి తీసికొందువమ్మా?" అని మేమడిగిన పాపమున పోలేదు. అడిగియుండినను ఆ నియమము మాకు తెలియదు. విద్యనుగూర్చి సంపాదకీయములు వ్రాయువారమే గాని, ఆ ప్రవేశపరీక్ష ప్రకటనను మే మొక్కసారియు చదివియుండలేదు. ఇంటర్నెట్టు కేంద్రపు కుఱ్ఱవానిని నిందించుటకు మాకు మన సొప్పదు. వాడు తనకు తెలిసినది చెప్పెను. మేము మాటయైన కదపలేదు. కావున నేటి ప్రసంగము మీకు మేము చేయు ఉపదేశమని కాక, ఆ పిల్లకు మేమీయవలసియుండి యీయని సమాధానమని వినుడు.

పూర్వకాలమున మనవారి కీ చిక్కు లేకుండెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము పుట్టినది. 1918లో హైదరాబాదున ఉస్మానియా వెలసినది. 1926లో బెజవాడ యందు ఆంధ్ర విశ్వవిద్యాలయ మారంభమై 1930లో వాల్తేరు చేరినది. ఆ దినములలో విద్యార్థి తానై యెన్నుకొనవలసినది మిక్కిలి స్వల్పము. వడ్డించిన విస్తరివలె పాఠ్యక్రమ ముండెడిది. కూర్చున్నవాడు తినుటయే తరువాయి. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు తత్త్వశాస్త్రమును చేపట్టుటకు కారణము, ఆ శాస్త్రమున పట్టభద్రుడైన బంధువొకడు తన పాఠ్యపుస్తకముల నాయన కిచ్చుటయే యని ప్రసిద్ధి. పుస్తకములు కొనవలసిన పని లేకపోయెను గనుక ఆ శాస్త్రమే చదివెనట. "ఆయన యే ప్రణాళిక వేసికొని ఉపరాష్ట్రపతియు రాష్ట్రపతియు నయ్యెను?" అని మాతో వాదించిన మిత్రు లొకరు కలరు. ఆయన కథ మనకు తెలియుట ఆయన రాధాకృష్ణు డగుటచేతనే గదా. ఊరక దొరకిన పుస్తకములను పట్టి చదివి, ఎచ్చటను తేలకపోయినవారి కథల నెవరు వ్రాసిరి?

విద్యార్థికి ఎన్నుకొను స్వాతంత్ర్యము కలిగినచోటనే సలహాదారుని యవసర మేర్పడును. ఈ సంగతి అమెరికా కళాశాలల చరిత్రలో స్పష్టముగా కానవచ్చును. 1869లో హార్వర్డు అధ్యక్షపదవిని పొందిన చార్లెస్ ఎలియట్, విద్యార్థులు తమకు నచ్చిన విషయముల నెన్నుకొను పద్ధతిని బాగుగా విస్తరింపజేసెను. 1876లో తెఱువబడిన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున మఱుసటి యేటనే విద్యార్థులకు సలహా చెప్పుటకు ఆచార్యుల నియమించిరి. నేడు ఆ దేశపు కళాశాలలలో పాఠ్యవిషయములను నమోదు చేసికొనుటకు ముందు సలహాదారును కలిసికొనుట సాధారణమైన ఆచారము. ఆయన యొద్దకు పోవువాడు వట్టిచేతులతో పోరాదని, తన ప్రణాళికను తానే చిత్తుగా వ్రాసికొని పోవలెనని కూడ అచ్చట చెప్పుదురు.

మన దేశమున ఎన్నిక వచ్చినది. దాని వెంట రావలసిన సలహా మాత్రము వెనుకబడినది. 2015 ప్రాంతమున విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు, అనగా యు.జి.సి. వారు, ఎన్నికతో కూడిన క్రెడిట్ల పద్ధతిని ప్రవేశపెట్టిరి. 2016లో తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు 'దోస్త్' అను నొకే ద్వారముగుండ జరుగుట యారంభమైనది; ఆంధ్రప్రదేశమునను తరువాత అట్టి ఏర్పాటే వచ్చినది. 2020లో జాతీయ విద్యావిధానము ప్రకటింపబడెను. 2022 డిసెంబరులో యు.జి.సి. వారు నాలుగేండ్ల డిగ్రీకి క్రొత్త చట్రమును విడుదల చేసిరి. 2023-24లో ఆంధ్రప్రదేశమున మూడు విషయముల పాతపద్ధతిని విడిచి, ఒకే ప్రధానవిషయ మను పద్ధతిని పెట్టిరి. పదేండ్లలోపల నిన్ని మార్పులు! తండ్రి చదివిన డిగ్రీ వేఱు, అన్న చదివిన డిగ్రీ వేఱు, తమ్ముడు చేరబోవు డిగ్రీ వేఱు. కావున అన్న చెప్పిన మాట ప్రేమతో చెప్పినదే యైనను తమ్మునకు చెల్లునని నమ్మరాదు. మీరు చేరిన సంవత్సరమునకు వర్తించు నియమావళి యేదియో దానిని సంపాదించి యుంచుకొనుడు. సాధారణముగా పట్టా చేతికి వచ్చువఱకు మిమ్ము నడుపునది అదియే.

ఇప్పుడు క్రెడిట్టన నేమో చెప్పవలెను. సభలో నిందాక విచారించితిమి. కళాశాలలో చదువుచున్న పిల్లలలో సహితము సగముమంది దానిని మార్కులకు మాఱుపేరని తలంచుచున్నారు. అది మార్కు కాదు. చదువును కొలుచు మానిక యది. యు.జి.సి. చట్రము ననుసరించి పదునైదు గంటల పాఠము ఒక క్రెడిట్టు. ప్రయోగశాలలోనైనచో ముప్పది గంటల పని ఒక క్రెడిట్టు. మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు కావలెను, నాలుగేండ్ల ఆనర్సునకు 160. మొదటి యేడు 40 క్రెడిట్లు పొంది, వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తివిద్య ముగించి, మానుకొనువానికి సర్టిఫికెట్టు. రెండేండ్లకు 80తో, అట్లే వృత్తివిద్యతో, డిప్లొమా. మూడేండ్లలో ప్రధానవిషయమునకు 60కి తక్కువ కారాదు. మైనరు అను ఉపవిషయమునకు 24. మిగిలినవి భాషలు, నైపుణ్యములు, ఇతరశాస్త్రముల పరిచయము, వేసవి శిక్షణ మొదలైనవి.

ఈ లెక్కను మేమేల చెప్పితిమి? 120ని ఆఱు సెమిస్టరులకు పంచిన ఒక్కొక్క దానికి 20 వచ్చును. ఇరువది క్రెడిట్లన మున్నూఱు గంటల పాఠము. పదునైదు వారములలో ముగియవలెనన్న వారమునకు ఇరువది గంటలు తరగతిలోనే కూర్చుండవలెను. ప్రయోగశాల యున్నచో ఇంకను హెచ్చు. ఇంటివద్ద చదువుకొనుట దీనికి బయట. ఇపుడు మందుల దుకాణములో సాయంకాలపు పని చేయుచు చదువదలచిన పిల్లవాడు తన వారమును కాగితముమీద గీచుకొని చూచుకొనగలడు. ఒక సెమిస్టరులో నాలుగు క్రెడిట్ల పరీక్ష తప్పినచో తరువాతి సెమిస్టరు భారము ఇరువదినాలుగగును. రెండు తప్పిన ఇరువదియెనిమిది. "తరువాత వ్రాసికొందములే" అను మాట యెంత బరువైనదో యీ కూడికవలన తెలియును. చేతివ్రాతతో చేసిన యిట్టి కూడిక, పది ప్రసంగములకంటె పిల్లవానిని మేల్కొలుపునని మా యనుభవము.

మఱియొక సంగతి. నాలుగవ యేట పరిశోధనతో కూడిన ఆనర్సు చేయవలె నను వారికి మొదటి ఆఱు సెమిస్టరులలో నూటికి 75 ఉండవలెనని యా చట్రమున నియమము. నాలుగేండ్ల పట్టాతో 75 పొందినవారు తిన్నగా పిహెచ్.డి.కి అర్హులగుదురని 2022 నవంబరు నాటి నియమములు చెప్పుచున్నవి. నాలుగేండ్లు చదివినవానికి ఎం.ఏ., ఎం.ఎస్‌సి. యొక యేటితో ముగియు వీలును కలదు. ఇది అయిదవ సెమిస్టరులో తెలిసినవాడు మొదటి సెమిస్టరున పోగొట్టుకొన్న మార్కులను తిరిగి తెచ్చుకొనలేడు. మొదటి యేడు ఆటపాటలతో గడపి రెండవ యేటనుండి చదువుద మను మన పాత అలవాటు, సంవత్సరాంతపు పరీక్షల కాలమునకు సరిపోయియుండును. ఈ కాలమునకు సరిపోదు.

ఇక ప్రణాళిక. దీనిని ముందునుండి వెనుకకు కాక, వెనుకనుండి ముందునకు వ్రాయవలెను. అనగా, డిగ్రీ యైన పిమ్మట పోదలచిన చోటు మొదట వ్రాసికొని, ఆ చోటివా రేమి యడుగుదురో వారి ప్రకటనలోనే చూచి, ఆ తరువాత డిగ్రీవైపు తిరుగవలెను. బి.ఇడి. యైనచో బోధనా విషయమునకు తగిన విషయము డిగ్రీలో నుండవలెను, సామాన్యముగా నూటికి 50 మార్కులుండవలెను. న్యాయవాది కాదలచిన, డిగ్రీ యేదైనను మూడేండ్ల ఎల్‌ఎల్.బి.కి పోవచ్చును, సామాన్యవర్గమువారికి 45 చాలును. చార్టర్డు అకౌంటెంటు కాదలచి డిగ్రీ ముగించి వచ్చువారిలో వాణిజ్యశాస్త్రమువారికి 55, ఇతరులకు 60 ఉన్నచో మొదటి మెట్టు దాటి ఇంటర్మీడియేటు మెట్టునకే పోవచ్చును. సివిలు సర్వీసులకు ఏ డిగ్రీయైనను చెల్లును. కాని వయస్సు 21 నిండవలెను. గణాంకశాస్త్రమున గాని రసాయనశాస్త్రమున గాని ఎం.ఎస్‌సి. చేయదలచినవాడు ఆ విషయమును డిగ్రీలో నెంతమేర చదివియుండవలెనో ప్రతి విశ్వవిద్యాలయము వేఱువేఱుగ చెప్పును. విదేశములకు పోదలచినవారు, అచ్చటి కొన్ని విశ్వవిద్యాలయములు మొత్తము పదునాఱేండ్ల చదువు నడుగునని యెఱిగియుండవలెను. పదునైదేండ్లకు ముగియు మూడేండ్ల పట్టా వారికి చాలకపోవచ్చును.

"పదునెనిమిదేండ్ల వానికి తానేమి కాదలచినో యెట్లు తెలియును?" అని యొక తండ్రిగారు మమ్మడిగిరి. న్యాయమైన ప్రశ్న. చాలమందికి తెలియదు, తెలియవలెనను పట్టుదలయు మాకు లేదు. అట్టివాడు రెండు గమ్యములు వ్రాసికొనుగాక. ఆ రెండింటికిని సరిపోవు ప్రధానవిషయ మేది? మొదటి యేటివఱకు రెండుదారులును తెఱచియుంచు ఉపవిషయ మేది? మనస్సు మార్చుకొనుటకు గడు వెప్పటివఱకు? ఈ మూడును విచారించుటయే తెలియనివాని ప్రణాళిక. తెలిసినవానికంటె తెలియనివానికే ప్రణాళిక హెచ్చుగా కావలెనని మాకు తోచుచున్నది.

ఈ చిత్తుప్రతి చేతబట్టుకొని అధ్యాపకుని యొద్దకు పోవలెను. ఏ అధ్యాపకుడని యడుగుదురేమో. న్యాక్ పరిశీలకులు కళాశాలలకు పోయినప్పుడు, ఎంతమంది విద్యార్థులకు ఒక మార్గదర్శి చొప్పున నియమించితిరని లెక్క యడుగుచు వచ్చిరి. అందుచే గుర్తింపు పొందిన చాల కళాశాలలలో మార్గదర్శకుల పట్టిక యొకటి దస్త్రములలో నుండును. దానిలో మీ పేరున కెదురుగా నెవరి పేరున్నదో కార్యాలయమున అడుగుడు. ఆ పట్టిక అలమారలోనే యుండిపోయి, ఆ అధ్యాపకునకే తన వంతు విద్యార్థులెవరో తెలియకుండుట కలదు. మీరు పోయి "అయ్యా, నేను మీ వంతువాడను" అని నిలిచిన దినమున నా కాగితమునకు ప్రాణము వచ్చును. అధ్యాపకుడు విసుగుకొనునేమో యని జంకకుడు. మేమెఱిగినంతలో, అడుగవచ్చిన విద్యార్థిని విసుగుకొను అధ్యాపకులు కొలదిమంది. అడుగుటకెవరును రారని విచారించువారే హెచ్చు.

పోవునపుడు తీసికొనిపోవలసినవి: ఇంటర్మీడియేటు మార్కుల పత్రము, మీ నియమావళి, ఆఱు సెమిస్టరులకు ఆఱు గళ్ళు గీచిన పూల్‌స్కేపు కాగితము, మీ ప్రశ్నలు. "నేనేమి తీసికొమ్మందురు సార్?" అను ప్రశ్నతో పోవలదు. దానికాయన తన విషయమునే తీసికొమ్మనును, అది మానవస్వభావము. "ఈ ఉపవిషయము తీసికొన్న ఫలాని ఎం.ఎస్‌సి.కి అర్హత వచ్చునా? వచ్చునని యే ప్రకటనలో నున్నది?" అని యడుగుడు. "ఈ పాఠమునకు మన కళాశాలలో అధ్యాపకులున్నారా, లేక పట్టికలో పేరుమాత్రమేనా? పోయిన యేడు ఎవరు చెప్పిరి?" అనియు వినయముగా అడుగుడు. పట్టికలో పది విషయము లుండి, చెప్పువారు నలుగురే యుండు కళాశాలలు మన రెండు రాష్ట్రములలోను కలవు. ఏ పాఠము ఏ సెమిస్టరుననే యుండును, తప్పిన మఱల నెప్పుడు వ్రాయవచ్చును, వేసవి శిక్షణకు చోటు ఎవరు చూపుదురు, కళాశాల వారా మీరా, ఇవి తెలిసికొనుడు. మీ క్రెడిట్లు 2021లో నెలకొల్పబడిన అకడమిక్ బ్యాంకు ఖాతాలో పడుచున్నవా యని ప్రతి సెమిస్టరు పిమ్మట చూచుకొనుడు. వానిని గరిష్ఠముగా ఏడేండ్లవఱకు వాడుకొనవచ్చునని నియమము. నడుమ చదువు మానవలసివచ్చిన పేదపిల్లలకు, పెండ్లియైన ఆడపిల్లలకు, ఈ యొక్క యేర్పాటు నిజముగా మేలైనది. అది యున్నదని తెలియకపోవుటచే వదలుకొనువారు కలరు.

వచ్చిన సమాధానములను ఆ కాగితముమీదనే తేదీ వేసి వ్రాసికొనుడు. ముఖ్యమైన దానిని అధ్యాపకునిచే చేవ్రాలు చేయించుకొన్న మఱియు మంచిది. దీనిని అపనమ్మక మని యాయన తలంపడు. ఆయన బదిలీయై పోయినను కాగితము మీయొద్ద నుండును.

తలిదండ్రులతో ఒక మాట. మీరు పిల్లలతో కూడ పోవుట మంచిదే. కాని యొకమారు కళాశాల వరండాలో మేము చూచిన దృశ్యము చెప్పెదము. అధ్యాపకుడు "నీకేది యిష్టమమ్మా?" అని పిల్ల నడిగెను. తండ్రి "దానికి కంప్యూటర్లండీ" అనెను. "ఇంటర్మీడియేటులో నేది బాగుగా వచ్చెడిది?" అని మఱల పిల్లనే యడిగెను. "అన్నియు వచ్చునండీ" అని తండ్రి. మూడవ ప్రశ్నకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు పని చేయు మేనమామ ఫోనులో బదులు చెప్పెను. పిల్ల ప్రారంభమునుండి చివరివఱకు తన చెప్పులవైపు చూచుచుండెను. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. ఫీజు కట్టవలసినవాడు, దినకూలి పోగొట్టుకొని వచ్చినవాడు. అయినను మూడేండ్లు ఆ తరగతిలో కూర్చుండునది ఆయన కాదు. మీరు ముందుగా ఇంటివద్ద చెప్పవలసినదెల్ల చెప్పుడు. ఎంత కట్టగలరో, ఎంతదూరము పంపగలరో దాపరికము లేక చెప్పుడు. ఆ లెక్క పిల్లలకు తెలియనిచో వారు వేయు ప్రణాళిక గాలిమేడ యగును. అచ్చటికి పోయిన పిమ్మట పిల్లనే మాటలాడనిండు.

ఈ మందిరమునుగూర్చి చెప్పి విరమించెదము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. 1914లో బెజవాడ యందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినది. 1935లో కృష్ణా కాలువమీద పడవలో పుస్తకములు పల్లెలకు పోయినవి. ఆ దినములలో గ్రంథాలయములలో చదువు వచ్చినవాడు బిగ్గరగా పత్రిక చదువుట, రానివారు చుట్టు కూర్చుండి వినుట పరిపాటి. అక్షరములు రాకపోవుట నాటి లోటు. నేడు పిల్లలకును తలిదండ్రులలో పెక్కురకును అక్షరములు వచ్చును. రానిది ఆంగ్లమున ముప్పది పుటలుండు ప్రవేశప్రకటన. దానిని బిగ్గరగా చదివి తెలుగున చెప్పువాడు కావలెను. ఈ మందిరమునకు వచ్చు విశ్రాంత ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, వకీళ్ళు సాయంకాలము రాజకీయములు చర్చించు ఆ గంటలో నొక పావుభాగము దీనికీయగలరని కార్యదర్శిగారితో చెప్పితిమి. మాకు తెలియదని చెప్పుటకు సిగ్గుపడని పెద్దలు కావలెను. తెలియనిచోట ఊహించి చెప్పువాడు ఆ ఇంటర్నెట్టు కేంద్రపు కుఱ్ఱవానికంటె నెక్కువ కీడు చేయును, ఏలనన పెద్దవాని మాటను పిల్లలు నమ్ముదురు.

కార్యదర్శిగా రంగీకరించిరి. రాబోవు మంగళవారమునుండి ప్రతి మంగళవారము సాయంకాలము ఆఱు గంటలకు తూర్పుగోడవద్ద బల్లమీద ఈ సంవత్సరపు నియమావళులు, బి.ఇడి., ఎల్‌ఎల్.బి., ఎం.ఎస్‌సి. ప్రవేశప్రకటనలు ముద్రించి యుంచెదరు. వానిని బల్లవద్దనే చదువవలెను, ఇంటికీయబడవు. వచ్చువారు మార్కుల పత్రమును, ఒక పూల్‌స్కేపు కాగితమును తెచ్చుకొనుడు. వెబ్ ఆప్షన్లకు గడువు ముగియువఱకు మేమును తప్పక వచ్చెదము.

కుట్టుపనివారి పిల్ల యేమైనదని వెనుకవరుసనుండి యొకరు వ్రాసి పంపిరి. ఆమెకు దారి లేకపోలేదు. గణితముతో మఱియొక డిగ్రీని దూరవిద్యలో చదువవచ్చును. హైదరాబాదున 1982లో స్థాపింపబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము ఇట్టివారి కొఱకే యున్నది. మఱల మూడేండ్లు పట్టును. ఆ కాగితములు ఆమెకు తెచ్చి యిచ్చితిమి. తండ్రియొద్ద కుట్టుపని చేయుచు చదువవచ్చునా, లేక ఏదైన ఉద్యోగము చూచుకొనవలెనా యని ఇంటిలో మాటలాడుకొనుచున్నారు. ఇంకను నిశ్చయము కాలేదు.